6/6 వచ్చింది, మరి దీపాలకు ఈ తోకలెందుకు?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. పోర్టు దగ్గర ఒక షిప్పింగ్ ఏజెన్సీలో అకౌంట్స్ చూస్తాను. చిన్నప్పటి నుంచి రెండు కళ్లకూ ప్లస్ 4.50 సైటు. దళసరి కళ్లజోడుతో విసిగిపోయి ఐదు నెలల కిందట లాసిక్ అనే లేజర్ ఆపరేషన్ చేయించుకున్నాను. మొదటి మూడు నాలుగు వారాలు దగ్గరివి బాగా కనిపించి దూరం మసకగా ఉండేది. తర్వాత సర్దుకుంది. ఇప్పుడు చార్టు చదివిస్తే 6/6. డాక్టరుగారు "అంతా నార్మల్, టెన్షన్ పడకండి" అంటున్నారు. కానీ రాత్రి స్కూటీ మీద ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కితే ఎదురు బళ్ల లైట్లు పువ్వుల్లా విచ్చుకుంటున్నాయి. బీచ్‌కి వెళ్తే దూరంగా ఆగి ఉన్న ఓడల దీపాలకు ఒక పక్కకి తోకలు. బస్సు మీద నంబరు తెలుస్తుంది గానీ, పలక మీద రాసి చేత్తో తుడిచినట్టు ఉంటుంది. సాయంత్రానికి కళ్లు అలిసిపోతున్నాయి. మావారు ఇదంతా నా అనుమానం అంటారు. అత్తగారు "కొని తెచ్చుకున్నావు" అంటారు. మా ఆఫీసులోనే మైనస్ సైటున్న అమ్మాయి చేయించుకుని హాయిగా ఉంది. నా ఆపరేషన్ పాడైందా? మళ్లీ లేజర్ చేయిస్తే పోతుందా? మా తొమ్మిదేళ్ల బాబుకీ ప్లస్ 3 ఉంది. వాడికీ పెద్దయ్యాక ఇదే చేయించాలా?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ముందు మీవారు కూడా చదివేలా ఒక మాట. ఇది అనుమానం కాదమ్మా. మీరు రాసినవన్నీ కంట్లో నిజంగా జరిగేవే. వాటికి పేర్లున్నాయి, కొలిచే మెషీన్లున్నాయి.

నేను డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. ఈ ఊళ్లోనే ఏళ్ల తరబడి చీకటి గదిలో కూర్చుని జనం చేత అక్షరాలు చదివించడం నా పని. కొత్తలో నేనూ మీ డాక్టరుగారిలాగే చెప్పేదాన్ని. లాసిక్ అయిన ఒక ట్యాక్సీ డ్రైవరు వచ్చి "రాత్రిపూట గాజువాక నుంచి బండి తేలేకపోతున్నాను మేడమ్" అంటే, "6/6 వచ్చింది కదా బాబూ, ఇంకేం కావాలి" అని పంపేశాను. ఆరు నెలలకి మళ్లీ వచ్చాడు. రాత్రి ట్రిప్పులు మానేశానని, సంపాదన సగానికి పడిపోయిందని చెప్పాడు. అప్పుడు గదిలో లైటు ఆర్పి, దూరంగా ఒక చిన్న టార్చి వెలిగించి పెట్టి, నీకు కనిపిస్తున్నది కాగితం మీద గీయమన్నాను. చిన్నపిల్లలు గీసే సూర్యుడి బొమ్మ గీశాడు. చుట్టూ కిరణాలు, కింద కుడిపక్కకి ఒక పొడుగాటి తోక. ఆ కాగితం చాలా కాలం నా డ్రాయరులోనే ఉండేది.

6/6 అంటే ఏమిటో చూద్దాం. స్నెల్లెన్ అనే డచ్చి డాక్టరు 1862లో తయారుచేసిన చార్టు అది. తెల్లటి పలక మీద నల్లటి అక్షరం. ఎంత చిన్న అక్షరం వరకు పోల్చగలరో అది చెబుతుంది. ఆ అక్షరం ఎంత శుభ్రంగా కనిపించిందో చెప్పదు. యాంటెన్నా పక్కకి తిరిగిపోయిన పాత టీవీలో బొమ్మకి నీడలు పడుతున్నా హీరో ఎవరో పోల్చేవాళ్లం కదా, అలాగ. చీకట్లో నల్ల రోడ్డు మీద బూడిద రంగు గేదె నిలబడి ఉందనుకోండి, దాన్ని పట్టుకునే శక్తి వేరు. దాన్ని కాంట్రాస్టు సెన్సిటివిటీ అంటారు. దానికి వేరే చార్టు ఉంది, పెల్లీ-రాబ్సన్ చార్టు అని 1988 నుంచి వాడుకలో ఉంది. అందులో అక్షరాలన్నీ ఒకే సైజు. కిందికి వెళ్లేకొద్దీ రంగు వెలిసిపోతూ ఉంటాయి. మీ చేత అది ఎప్పుడైనా చదివించారా?

ఇక మీ ఆఫీసులో అమ్మాయి సంగతి. మైనస్ సైటుకి, ప్లస్ సైటుకి ఒకటే లేజరు, ఒకటే గది, బిల్లు కూడా ఇంచుమించు ఒకటే. కానీ కంటి మీద జరిగే పని మాత్రం పూర్తిగా తలకిందులు. చిన్నప్పుడు బీచ్‌లో తడి ఇసుకలో పాదం పెట్టి పిచ్చుక గూడు కట్టే ఉంటారు. ఆ గూడు నెత్తి మీద అరచేత్తో అదిమితే చదునవుతుంది. మైనస్‌కి చేసేది అదే. కార్నియా (నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పారదర్శక భాగం) నడిమి భాగాన్ని కొంచెం చెక్కి చదును చేస్తారు. చూపు పనిచేసేది కూడా ఆ నడిమి భాగంలోనే కాబట్టి, చదునైన చోటు విశాలంగా దొరుకుతుంది. ప్లస్‌కి గూడు ఇంకా నిటారుగా లేవాలి. పైన ఇసుక వేసే వీలు లేదు, లేజరుకి తీయడమే తెలుసు. అందుకని చుట్టూ గుండ్రంగా కందకంలా తవ్వుతారు. అప్పుడు నడిమి భాగం ఉబ్బెత్తుగా నిలబడుతుంది. మీ కంటికి చేసింది ఇదీ.

దీంతో మూడు చిక్కులొస్తాయి. ఒకటి, ఆ ఉబ్బెత్తు భాగంలో చక్కగా పనిచేసే జాగా చిన్నది. ఎండలో మీ కనుపాప మూడు మిల్లీమీటర్లు కూడా ఉండదు, వెలుతురంతా ఆ మంచి జాగాలోంచే లోపలికి వెళ్తుంది. చీకట్లో కనుపాప ఆరేడు మిల్లీమీటర్లకు విచ్చుకుంటుంది. అప్పుడు కందకం వాలులోంచి కూడా వెలుతురు దూరి వేరే చోట ఫోకస్ అవుతుంది. పగలు బాగున్న చూపు రాత్రి ఫ్లైఓవర్ మీద పువ్వులు పూయడానికి పెద్ద కారణం ఇదే. దీన్ని స్ఫెరికల్ అబరేషన్ అంటారు. మైనస్ లాసిక్‌లో అది ఒక దిక్కుకి పెరిగితే ప్లస్ లాసిక్‌లో దానికి ఎదురు దిక్కుకి పోతుంది. దీనివల్ల ఒక చిన్న మేలు కూడా ఉంది. ఫోకస్ కొంచెం సాగినట్టయి దగ్గరివి చదవడానికి సాయపడుతుంది. నలభై దాటాక మీకే తెలుస్తుంది.

రెండోది, మీరు రాసిన తోక. మీ ఉత్తరంలో "ఒక పక్కకి" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. దీపం చుట్టూ అన్ని వైపులా సమానంగా వెలుగు చిమ్మితే ఒక అర్థం, ఒక పక్కకే సాగితే ఇంకో అర్థం. ఒక పక్కకి సాగడాన్ని కోమా అంటారు. తోకచుక్క అన్న అర్థంలో పెట్టిన పేరు అది, స్పృహ తప్పే కోమా కాదు. (రిపోర్టులో ఆ మాట చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నవాళ్లని చూశాను, అందుకని చెబుతున్నాను.) కందకం సరిగ్గా చూపు గీత చుట్టూ పడకుండా కాస్త పక్కకి పడితే ఈ కోమా పెరుగుతుంది. ప్లస్ సైటు కళ్లలో ఆ అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఈ కళ్లలో చూపు గీత కనుపాప నట్టనడుమ నుంచి పోదు, ముక్కు వైపుకి కొంచెం జరిగి పోతుంది. ఆ తేడాని యాంగిల్ కప్పా అంటారు. లేజరుని కనుపాప నడుమకి గురిపెడితే అసలు నడుమ తప్పిపోవచ్చు. జాగా చిన్నదైనప్పుడు అర మిల్లీమీటరు జరిగినా తెలిసిపోతుంది.

మూడోది, కందకం పూడిపోవడం. ఇసుకలో తవ్విన గుంట పూడకుండా ఉంటుందా? కార్నియా పైపొర సుమారు 50 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం ఉంటుంది, అది ఎప్పటికప్పుడు పెరుగుతూనే ఉండే పొర. పల్లం కనిపిస్తే అక్కడ మందంగా పెరుగుతుంది, ఉబ్బు మీద పలచబడుతుంది. అలా కొంత ప్లస్ తిరిగొస్తుంది. మైనస్ కళ్లలో కంటే మీలాంటి కళ్లలో ఇది ఎక్కువ. మొదటి వారాల్లో దగ్గరివి బాగుండి దూరం మసకగా ఉండేదన్నారు, అది ప్లస్ లాసిక్‌లో మామూలే. ఆ తర్వాత సర్దుకోవడం ఎక్కడ ఆగిందన్నదే ఇప్పుడు చూడాల్సింది.

లేజరుని మాత్రం తప్పు పట్టలేను. ఈ ఆపరేషన్‌లో వాడే ఎక్సైమర్ లేజరు ఒక్కో దెబ్బకి మైక్రానులో నాలుగో వంతు తీస్తుంది, పక్కనున్న కణజాలాన్ని కాల్చదు. మద్రాసు యూనివర్సిటీలో చదివి అమెరికాలో ఐబీఎంలో పనిచేసిన రంగస్వామి శ్రీనివాసన్, ఇద్దరు సహచరులతో కలిసి 1981లో ఈ గుణాన్ని కనిపెట్టారు. పండగకి వండగా మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ప్రయోగం చేసి చూశారు. తవ్వడం లేజరు పని. తవ్వాక కన్ను ఎలా మానుతుందన్నది ఏ మెషీన్ చేతిలోనూ లేదు.

ఇంకో చిన్న సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు. ప్లస్ కళ్లజోడు భూతద్దం లాంటిది. మీ 4.50 అద్దాలు ప్రపంచాన్ని దాదాపు ఐదారు శాతం పెద్దది చేసి చూపించేవి. మీకు ముప్పై ఏళ్ల పైన అదే అలవాటు. అద్దాలు పోయేసరికి అన్నీ ఆ మేరకు చిన్నవయ్యాయి. మీ ఆఫీసు అమ్మాయికి అటుదిటు. మైనస్ అద్దాలు బొమ్మని చిన్నది చేస్తాయి, అవి పోగానే ఆమెకి ప్రపంచం పెద్దదైంది. ఆమె సంబరానికి, మీ దిగులుకి కొంత కారణం ఇదే.

ఇప్పుడు మీరే చేసుకోగలిగిన పరీక్ష ఒకటి చెబుతాను. రాత్రి ఇంట్లో లైట్లన్నీ ఆర్పండి. ఫోను టార్చికి నల్ల కాగితం చుట్టి సూదితో చిన్న రంధ్రం చేయండి. దాన్ని ఐదారు మీటర్ల దూరంలో బల్ల మీద పెట్టండి. ఒక కన్ను మూసుకుని రెండో కంటితో చూస్తూ కాగితం మీద బొమ్మ గీయండి. తర్వాత రెండో కంటికి. రెండు బొమ్మలూ ఒకేలా ఉండకపోవచ్చు, చూడండి. ఇప్పుడు గట్టిగా నాలుగైదు సార్లు రెప్పలార్పండి. తోక కొన్ని సెకన్లు తగ్గి మళ్లీ వస్తే కన్నీటి పొర బాగోలేదని. ఆ తర్వాత గదిలో లైటు వేయండి. టార్చి అక్కడే ఉంటుంది, కనుపాప చిన్నదవుతుంది. అప్పుడు వలయాలు ముడుచుకుంటే నేను చెప్పిన వాలు భాగమే కారణం కావచ్చు. ఒక అట్టముక్కకి సన్నటి రంధ్రం చేసి అందులోంచి చూసినప్పుడు దీపం చుక్కలా కుదురుగా కనిపిస్తే లోపల రెటీనా మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదనే సూచన. ఇది డాక్టరు పరీక్షకి బదులు కాదు, మీ మాటకి బలం మాత్రమే. బీచ్ రోడ్డులో గట్టు మీద కూర్చుని లంగరు వేసిన ఓడల దీపాలతో కూడా ఈ రెప్పలార్చే పని చేయొచ్చు గానీ, గాలికి ఎదురుగా కూర్చోకండి. ఆ గాలికే కళ్లు ఆరిపోయి లెక్క తప్పుతుంది.

నా అంచనా చెప్పమంటే, మీ బాధలో పెద్ద వాటా ముందుగా కన్నీటిదే అనుకుంటాను. లాసిక్‌లో కార్నియా పైభాగాన్ని సన్నటి మూతలా కోసి లేపేటప్పుడు సన్నటి నరాలు తెగుతాయి. అవి మళ్లీ అల్లుకోవడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా కన్ను ఎండిపోయినా మంట తెలియదు, చూపు మాత్రం మసకబారుతుంది. మీరేమో పగలంతా ఏసీలో కంప్యూటర్ ముందు కూర్చుంటారు, సాయంత్రం హెల్మెట్ అద్దం ఎత్తి స్కూటీ నడుపుతారు. (ఎత్తి నడుపుతారని రాయలేదు గానీ, ఈ ఉక్కలో దించి నడిపేవాళ్లని నేనింతవరకు చూడలేదు.) అద్దం దించండి. గీతలు పడిన అద్దమైతే ముందు అది మార్చండి, సగం పువ్వులు అక్కడే రాలిపోతాయి. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు డాక్టరు చెప్పిన లెక్కన క్రమం తప్పకుండా వేయండి, గుర్తొచ్చినప్పుడు కాదు. మందుల షాపులో కుర్రాడిచ్చే "ఎరుపు తగ్గే చుక్కలు" వద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే కంటి లోపలి ఒత్తిడి పెరగొచ్చు.

సాయంత్రం అలసట అన్నారు, అది రెండో అనుమానితుడు. ప్లస్ సైటున్న కంట్లో కొంత పవర్‌ని లోపలి కండరం బిగబట్టి దాచేస్తుంది. మీ వయసులో ఆ కండరం పట్టు సడలుతూ వస్తుంది. పగలు బిగబట్టి 6/6 చదివేస్తారు, సాయంత్రానికి వదిలేస్తుంది. అసలు ఎంత మిగిలిందో తేల్చాలంటే చుక్కలు వేసి కండరాన్ని విశ్రాంతిలో పెట్టి చూడాలి. ఆపరేషన్‌కి ముందు ఇలా చూశారో లేదో మీ కాగితాల్లో ఉంటుంది.

ఆసుపత్రికి వెళ్లినప్పుడు "బాగోలేదు" అని మాత్రం చెప్పకండి. బొమ్మలు గీసిన కాగితం చూపించి, చీకట్లో, ఏ కంటికి, ఏ పక్కకి తోక అన్నది చెప్పండి. ఇవి అడగండి: కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలుస్తోంది (పది సెకన్ల లోపే చెదిరిపోతుంటే అనుమానించాలి), చుక్కలు వేసి చూస్తే పవర్ ఎంత, టోపోగ్రఫీ మ్యాపులో (కార్నియా ఎత్తుపల్లాల పటం) ఉబ్బు నడుమన ఉందా పక్కకుందా, వేవ్‌ఫ్రంట్ మెషీన్‌లో (కోమా లాంటి దోషాలని కొలిచేది) ఆరు మిల్లీమీటర్ల కనుపాపకి కోమా ఎంత, స్ఫెరికల్ ఎంత. ఆరు మిల్లీమీటర్లకే అడగండి. మూడు మిల్లీమీటర్లకి తీస్తే రిపోర్టు అందంగా వస్తుంది, మీ రాత్రి సమస్య అందులో కనిపించదు. ఆపరేషన్ చేసినచోట ఈ మెషీన్లు లేకపోయినా, చెప్పింది వినే తీరిక లేకపోయినా, రెండో అభిప్రాయం తీసుకోవడంలో మొహమాటం అక్కర్లేదు. హనుమంతవాకలో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది, ఊళ్లో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. పాత కాగితాలన్నీ పట్టుకెళ్లండి.

మళ్లీ లేజర్ ఇప్పుడే వద్దు. ఐదు నెలలు ప్లస్ కంటికి తొందరే. రెండు మూడు నెలల తేడాతో తీసిన రెండు రీడింగులు ఒకేలా ఉంటే తప్ప ఎవరు ఎంత నచ్చచెప్పినా ఒప్పుకోకండి. పొడిబారిన కంటికి తీసిన కొలత తప్పుడు కొలత, దాన్ని నమ్మి చెక్కితే తప్పు రెండింతలవుతుంది. పైగా కార్నియాని ఎంతవరకు నిటారు చేయొచ్చన్నదానికి హద్దుంది. కార్నియా వంపు కొలతలో 48, 49 డయాప్టర్లు దాటుతుంటే చాలామంది డాక్టర్లు వెనక్కి తగ్గుతారు. మీరు ఒక విడతలో ఎంతో కొంత వాడేశారు. అన్నీ చూశాక కందకం పక్కకి పడిందనే తేలితే, టోపోగ్రఫీ మ్యాపు ఆధారంగా చేసే దిద్దుబాటు లేజరు ఉంది. అది వేరే నైపుణ్యం, అలాంటివి చేసిన అనుభవమున్నవాళ్ల దగ్గరే చేయించాలి. కత్తి ముట్టకుండా పోవాలంటే గట్టి కాంటాక్టు లెన్సులున్నాయి. లెన్సుకీ కార్నియాకీ మధ్య కన్నీరు నిండి ఎత్తుపల్లాలు కనపడకుండా పోతాయి. పెట్టుకోవడం కొంచెం కష్టమే గానీ, తోకలు చప్పున మాయమవడం నా కళ్లతో చూశాను.

ఈలోగా నాదొక చవక సలహా. 0.50 గానీ 0.75 గానీ పవర్ మిగిలిందని తేలితే, యాంటీ రిఫ్లెక్షన్ (అద్దం మీద మెరుపు తగ్గించే) కోటింగుతో రాత్రి బండి నడపడానికి మాత్రమే ఒక కళ్లజోడు చేయించుకోండి. మళ్లీ కళ్లజోడా అని అత్తగారు దెప్పుతారనుకోండి, అనుకోనివ్వండి. జగదాంబ దగ్గర ఫుట్‌పాత్ మీద అమ్మే పసుపు అద్దాలు మాత్రం కొనకండి. అవి ఉన్న కాస్త వెలుతురునీ మింగేస్తాయి. రాత్రి కనుపాప మరీ విచ్చుకోకుండా బ్రిమోనిడిన్ అనే గ్లకోమా (నీటికాసుల జబ్బు) మందుని కొందరు డాక్టర్లు బండి నడిపే ముందు ఒక చుక్క వేసుకోమంటారు. మీకు తగునో లేదో వాళ్లే చెప్పాలి.

గ్లకోమా అన్నాను కాబట్టి, ప్లస్ కన్ను పుట్టుకతోనే పొట్టిగా, లోపల ఇరుకుగా ఉంటుంది, అలాంటి కళ్లకి ఆ జబ్బు భయం ఉంటుంది. లేజరు కార్నియానే మార్చింది, ఆ ఇరుకుని కాదు. అద్దాలు పోయాయి కదా అని ఏటా పరీక్ష మానేయకండి. హఠాత్తుగా కన్ను ఎర్రబడి, నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు వస్తే అది వేరే కథ, ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆపరేషన్‌కి ముందు, తర్వాతి కార్నియా కొలతలు ఒక ఫైల్లో పెట్టి దాచండి. రేపు శుక్లం ఆపరేషన్‌కి లెన్సు పవర్ లెక్క కట్టేటప్పుడు ఆ కొలతలు లేకపోతే లెక్క తప్పే ప్రమాదం ఉంది.

ఇక మీ అబ్బాయి. పద్దెనిమిదేళ్లు నిండేవరకు లేజరు మాటే ఎత్తకండి. పిల్లల్లో ప్లస్ పవర్ ఎదిగేకొద్దీ తగ్గవచ్చు. కానీ తగ్గుతుంది కదా అని అద్దాలు తీసేస్తే మెల్లకన్ను గానీ, ఒక కన్ను బద్ధకించడం గానీ రావచ్చు. కాబట్టి స్కూల్లో ఎవరేం వెక్కిరించినా వాడి కళ్లజోడు ముక్కు మీదే ఉండాలి. పరీక్ష చుక్కలు వేసే చేయించండి. చుక్కలు వేశాక ఒక రోజు పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి, అందుకని మర్నాడు యూనిట్ టెస్టు లేని రోజు చూసుకుని తీసుకెళ్లండి.